అమ్మకానికి పెట్టే బండి ఫోటోలో నంబర్ ప్లేట్ దాచాలా, వద్దా?

క్లాసిక్_మారతహళ్ళి:
నాది 2018 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కేఏ 53 (బెంగళూరు) రిజిస్ట్రేషన్, సింగిల్ ఓనర్. లక్షా పదిహేను వేలకు ఆన్‌లైన్‌లో పెట్టాను. ఎండ బాగున్న పూట శుభ్రంగా కడిగి తీసిన ఫోటోలు, నంబర్ కూడా కనపడుతుంది. అవే ఫోటోలు ఎవడో ఎత్తుకెళ్ళి వేరే సైట్‌లో 62 వేలకు ప్రకటన వేశాడు. వాడు సైన్యంలో ఉన్నాడట, జమ్మూకు బదిలీ అయిందట, బండి తమ్ముడి ఇంట్లో ఉందట. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ పని చేసుకుంటున్న ఒక అబ్బాయి నమ్మి డబ్బంతా వాడికి పంపేశాడు. ఇప్పుడు నా గేటు దగ్గరకొచ్చి బండి ఇమ్మని గొడవ. అపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ పరువు పోయింది. నంబర్ బ్లర్ చేసి ఉంటే ఇది జరిగేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సుధ_సర్జాపూర్:
దాచాల్సిందే, ఇందులో చర్చ ఏముంది? నా యాక్టివా అమ్మకానికి పెట్టిన కొద్ది రోజులకే యశ్వంతపూర్ వైపు హెల్మెట్ లేదని చలాన్లు రావడం మొదలైంది. నేను ఆ దిక్కుకే వెళ్ళను. చలాన్ ఫోటో తెరిచి చూస్తే అదే రంగు యాక్టివా, నా నంబరు, నడిపేది ఎవరో. ఆ బండికి అద్దాల్లేవు, నా దానికి ఉన్నాయి. అది చూపించి ట్రాఫిక్ వాళ్ళను ఒప్పించేసరికి తాతలు దిగొచ్చారు.

బాషా_పాతబండ్లు:
మేడం, మీది డూప్లికేట్ ప్లేట్ కేసు, ఇతనిది వేరే. రెండూ కలపకండి. సిగ్నల్ దగ్గర ఆగిన బండి నంబర్ అయినా ఎవడైనా చూసి రాసుకోవచ్చు.

ఈ లైన్‌లో ఉన్నవాడిగా చెప్తున్నా. నంబర్ దాచిన ప్రకటన నేను తెరవను. ఎందుకంటే నంబర్ ఉంటేనే కదా ఎం-పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో కొట్టి చూసేది. ఏ సంవత్సరం బండి, ఇన్సూరెన్స్ ఎప్పటి వరకు, ఫైనాన్స్ తీరిందా లేదా అక్కడే తెలుస్తుంది. చలాన్లు ఎన్ని ఉన్నాయో విడిగా చూసుకుంటాం. లోన్ తీరని బండిని, లోన్ తీరిందని చూపే ఫారం 35 లేకుండా అంటగట్టేవాళ్ళు ఈ ఊళ్ళో కోకొల్లలు. నంబర్ దాస్తే లాభం వాళ్ళకే.

నాని_బీటీఎం:
62 వేలకు క్లాసిక్ వస్తుందని నమ్మినవాడిని ముందు అనాలి.

క్లాసిక్_మారతహళ్ళి:
అదే నేనూ అనేది. లక్ష దాటిన బండి సగానికి వస్తుంటే అనుమానం రావద్దా?

లా_పాయింట్:
ఐటీ చట్టం 66డి. కంప్యూటర్ గానీ ఫోన్ గానీ వాడి మరొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా. నంబర్ దాచారా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం.

సుధ_సర్జాపూర్:
సెక్షన్లు పట్టుబడినవాడికి. అసలు మోసం జరగకుండా ఏం చేయాలో అడిగారాయన.

శ్రావణి_కేఆర్‌పురం:
బాషా గారూ, మీరు చెప్పిన ఆ చెకింగే ఆ అబ్బాయి కొంప ముంచి ఉంటుంది. నంబర్ కొట్టాడు, మోడల్ కలిసింది, ఇన్సూరెన్స్ ఉంది, ఓనర్ పేరు చుక్కలతో సగమే కనపడింది. బండి నిజమైనదే! కానీ అమ్మేవాడు నిజమైనవాడో కాదో ఆ యాప్ చెప్పదు. నంబర్ ఎంత సరిగ్గా ఉంటే దొంగ అంత పెద్దమనిషిలా కనిపిస్తాడు.

అలాగని దాస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. కొనేవాడిలా ఫోన్ చేసి, "సార్, ఆర్సీ ఫోటో వాట్సాప్ చేయండి, మా ఆర్టీఓ ఏజెంట్‌కు చూపించాలి" అంటే చాలామంది పంపేస్తారు.

ఇంతకీ ఒకటి అర్థం కాలేదు. ఆ అబ్బాయికి మీ గేటు ఎలా తెలిసింది? ప్రకటనలో అడ్రస్ ఉండదు కదా.

క్లాసిక్_మారతహళ్ళి:
అది ముఖ్యం కాదు. వాటర్‌మార్క్ వేస్తే ఉపయోగం ఉంటుందా?

నాని_బీటీఎం:
వాటర్‌మార్క్‌ను ఇప్పుడు ఏఐ యాప్‌లు క్షణంలో చెరిపేస్తాయి.

శ్రావణి_కేఆర్‌పురం:
నాకు అదే ముఖ్యం. గేటు ఎలా తెలిసింది?

క్లాసిక్_మారతహళ్ళి:
వచ్చి బండి చూసి వెళ్ళాడు కాబట్టి తెలిసింది. అమ్మకానికి పెట్టాక వచ్చి చూస్తారు. తప్పా?

శ్రావణి_కేఆర్‌పురం:
దొంగకు డబ్బు కట్టినవాడు మీ దగ్గరకొచ్చి బండి చూశాడు. మీ ఎదుట నిలబడి 62 వేల మాటే ఎత్తలేదా? మీరు లక్షా పదిహేను అనలేదా?

క్లాసిక్_మారతహళ్ళి:
మేడం, మీరు పోలీసా? సరే, చెప్తాను. ముందు ఒకడు నాకు ఫోన్ చేశాడు. బండి నచ్చింది, మీరడిగిన రేటే ఇస్తాను, మా షాపులో పనిచేసే కుర్రాడికి కొంటున్నాను, జీతంలో కొంచెం కొంచెం పట్టుకుంటాను, కుర్రాడి ముందు రేటు మాట్లాడొద్దు అన్నాడు. అందులో నాకు తప్పేమీ కనపడలేదు. కుర్రాడు వచ్చాడు, ఒక రౌండ్ నడిపాడు, పక్కకెళ్ళి ఫోన్‌లో మాట్లాడాడు, తిరిగొచ్చి "పంపించేశాను అన్నా, పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకం పెట్టండి" అన్నాడు. నాకు ఒక్క రూపాయి రాలేదు, ఎందుకు పెడతాను? వాడికి ఫోన్ చేస్తే స్విచాఫ్. నా ఫోటోలు పోయి, నా టైమ్ పోయి, పైగా నన్నే నిలదీస్తారా?

సుధ_సర్జాపూర్:
ఇది మొదటి పోస్టులో ఎందుకు రాయలేదు?

శ్రావణి_కేఆర్‌పురం:
అవతల ఆ అబ్బాయికి ఏం చెప్పి ఉంటాడో ఊహించండి. "అక్కడుండేది మా తమ్ముడే, వాడి ముందు రేటు ఎత్తకు, బండి అమ్మడం వాడికి ఇష్టం లేదు" అని. ఇద్దరికీ చెరో కథ చెప్పి ఇద్దరి నోళ్ళూ కట్టేశాడు. ఫోటోల దొంగతనం ఈ మోసంలో చిన్న ముక్క. మీ ఇద్దరిలో ఒక్కరు రేటు పైకి అన్నా అక్కడికక్కడే ఆగిపోయేది. ప్లేట్ బ్లర్ చేసినా, ఫోటోకు బదులు పెయింటింగ్ వేయించి పెట్టినా ఆగేది కాదు.

బాషా_పాతబండ్లు:
అమ్మా, కొంచెం ఆగండి. పార్టీ ముందు రేటు మాట్లాడొద్దు అనడం ఈ లైన్‌లో మామూలు. నేనూ రోజూ అంటాను. అమ్మేవాడికి ఒక రేటు, కొనేవాడికి ఒక రేటు, మధ్యలో మిగిలేదే మా కూలి. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రేటు చెప్పేస్తే ఇక మేమెందుకు? ఇతను నోరు మూసుకున్నాడంటే అందరూ చేసేదే చేశాడు. దాన్ని నేరంలా మాట్లాడకండి.

శ్రావణి_కేఆర్‌పురం:
అందరూ చేసేదే కాబట్టే దొంగ పని సులువైంది. రేటు దాచడం మీకు వ్యాపారం, వాడికి పెట్టుబడి. రేటు మాట్లాడొద్దని ఎవరైనా అంటే "ఎందుకు?" అని అడిగే అలవాటు మనకు లేకుండా చేసింది మీ లైనే.

బాషా_పాతబండ్లు:
అంటే నేనూ ఆ దొంగా ఒకటేనా? నేను బండి చూపిస్తా, ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగి పేరు మార్పిస్తా. షాపుకు బోర్డుంది, రేపు ఏదైనా తేడా వస్తే వచ్చి కాలర్ పట్టుకోవడానికి నేనున్నా. మీరు ఎప్పుడైనా బండి కొన్నారా అసలు?

శ్రావణి_కేఆర్‌పురం:
కొన్నాను. బ్రోకర్ దగ్గరే. ఆర్సీ పేరు మార్చే రోజు పాత ఓనరు చెప్తేనే తెలిసింది, నేనిచ్చిన దాంట్లో ఆయన చేతికి ఎంత వెళ్ళిందో. కమిషన్ తీసుకోండి, ఎవరు వద్దన్నారు? ఇంత అని చెప్పి తీసుకోండి.

నాని_బీటీఎం:
పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

లా_పాయింట్:
నాని, నవ్వుకునే విషయం కాదు. మొదటాయనా, ఇవి చెప్పండి. ఆ అబ్బాయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడా? డబ్బు పోగానే చేస్తే అవతలి అకౌంట్‌లో మిగిలింది ఆపే అవకాశం ఉంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టాలి. దాంట్లో మీ కాల్ లాగ్ పనికొస్తుంది. మీకు ఫోన్ చేసిన నంబరు, అతనికి చేసిన నంబరు ఒకటేనా? ఇచ్చారా అతనికి?

క్లాసిక్_మారతహళ్ళి:
అడిగాడు. తనతో స్టేషన్‌కు రమ్మన్నాడు కూడా. నేనెందుకు వెళ్ళాలి? వాడెవడో, నేనెవరో. స్టేషన్‌కు వెళ్తే నన్నే కూర్చోబెడతారు. మనవాడే కదా, తెలుగువాడే కదా అని జాలి ఉంది, కానీ 62 వేలు నేను కట్టలేను.

సుధ_సర్జాపూర్:
డబ్బు కట్టమని ఇక్కడ ఎవరూ అనలేదు. సాక్ష్యం చెప్పమంటున్నారు. నా చలాన్ల గొడవలో మా ఎదురింటాయన వచ్చి, "ఆ రోజు ఈమె స్కూటర్ కింద పార్కింగ్‌లోనే ఉంది" అని ఒక్క మాట చెప్పాడు. దాంతోనే పని జరిగింది.

బాషా_పాతబండ్లు:
ఈ ఒక్క విషయంలో మేడమ్‌లతో నాకు గొడవ లేదు. నంబర్ ఇచ్చేయి తమ్ముడూ. మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఆ వెధవ నీకు టోకెన్ ఏమైనా పంపాడా? బండి వేరేవాళ్ళకు చూపించకుండా ఆపడానికి ఎంతో కొంత వేస్తారు.

క్లాసిక్_మారతహళ్ళి:
రెండు వేలు పంపాడు. అది నాకు జరిగిన ఇబ్బందికి అనుకున్నా.

శ్రావణి_కేఆర్‌పురం:
ఆ రెండు వేలు ఎవరివో మీకు తెలుసా?

లా_పాయింట్:
ఆ లావాదేవీ వివరాలు డిలీట్ చేయకండి. ఏ యూపీఐ ఐడీ నుంచి, ఏ టైమ్‌కు వచ్చిందో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పోలీసులకు పనికొచ్చేది అదే. ఇంకో మాట. ఫిర్యాదు నమోదయ్యాక ఆ డబ్బు ఎక్కడెక్కడికి వెళ్ళిందో చూసుకుంటూ వస్తారు. దారిలో తగిలిన అకౌంట్లను ఫ్రీజ్ చేయవచ్చు. మీది కూడా తగలవచ్చు.

క్లాసిక్_మారతహళ్ళి:
ఫ్రీజ్ అంటే మొత్తం అకౌంటా, రెండు వేల వరకేనా? నా జీతం అందులోనే పడుతుంది.

లా_పాయింట్:
ఒక్కోసారి ఆ మొత్తం వరకే ఆపుతారు, ఒక్కోసారి అకౌంట్ అంతా ఆపుతారు. మీ అంతట మీరు ముందు వెళ్ళి చెప్తే ఒక తీరు, వాళ్ళు పిలిపించాక చెప్తే ఇంకో తీరు.

క్లాసిక్_మారతహళ్ళి:
ఆ అబ్బాయి నంబర్ బ్లాక్ చేశాను. సెక్యూరిటీ దగ్గర రిజిస్టర్‌లో రాసి ఉంటాడు. కిందికి వెళ్ళి చూస్తాను.