షియాన్‌లో రెండు రోజులు: కోట గోడ, మట్టి సైనికులు

ప్రశ్న: బ్యాక్‌ప్యాక్‌తో చైనాలోని షియాన్ వెళ్తున్నానండీ. ట్యాక్సీ, గైడు లేకుండా అక్కడి పాత కోట గోడ, మట్టి సైనికుల (టెర్రకోట ఆర్మీ) బొమ్మలు, రెండూ చూడొచ్చా?

జవాబు 1: హాయిగా చూడొచ్చు. మట్టి సైనికుల దగ్గరికైతే మెట్రో 1వ లైన్లో ఫాంగ్‌జిచెంగ్ దాకా వెళ్ళి, 9వ లైనుకు మారి హువాచింగ్‌చిలో దిగండి. అక్కణ్ణుంచి 613 నంబరు బస్సు. టికెట్ పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు. అసలు పాస్‌పోర్టే పట్టుకెళ్ళండి, జిరాక్సు పనికిరాదు. బొమ్మలు బయటపడ్డ తవ్వకాల గుంటల్లో 3వది, 2వది ముందు చూసి, అన్నిటికన్నా పెద్దదైన 1వ గుంటను చివరికి ఉంచుకోండి. ముందు రెయిలింగ్ దగ్గర తోపులాట ఉంటుంది. పక్క దారిన వెనక్కి నడిస్తే, ముక్కలు అతికించి బాగుచేస్తున్న సైనికుల బొమ్మలు కనిపిస్తాయి: తల లేని మొండేలు, పగుళ్ళ గీతలు. నా మటుకు చూడాల్సింది అదే!

జవాబు 2: కోట గోడ చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు. దక్షిణ ద్వారం దగ్గర ఎక్కి, పైనే సైకిల్ అద్దెకు తీసుకోండి. ఇటుకల మీద కుదుపులు ఎక్కువ కాబట్టి బరువు బ్యాగు హాస్టల్లోనే వదిలేయండి. వాన పడితే సైకిళ్ళు ఇవ్వరు. నడకకైతే ఒక పూట పోతుంది.

జవాబు 3: అలీపేలో (చైనాలో ఫోన్‌తో డబ్బు కట్టే యాప్) మీ బ్యాంకు కార్డు బయల్దేరే ముందే కలిపేయండి. ఓటీపీ వచ్చే సిమ్ ఫోన్లో ఉండాలి, లేకపోతే అక్కడ ఇరుక్కుపోతారు.