మురికి వంటగదికి లక్ష రూపాయల జరిమానా సరిపోతుందా?

చంపావతి_తీరం:
విజయనగరం వాళ్లందరినీ అడుగుతున్నాను. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం, అపరిశుభ్రమైన చోట ఆహారం తయారుచేస్తే జరిమానా లక్ష రూపాయల వరకు. జైలు లేదు. నడిబజారులో ఉన్న బేకరీకి అదొక లెక్కా? సిరిమాను జాతర అమ్మకాలతో తిరిగి వచ్చేస్తుంది. జరిమానా పది లక్షలు చేయాలి, దుకాణం పేరు గుమ్మం మీదే అంటించాలి. పోయిన వేసవిలో గంటస్తంభం వైపు, మెట్లెక్కి వెళ్లే ఒక బేకరీలో కొన్న చికెన్ పఫ్ తిని మా తొమ్మిదేళ్ల పాప రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. అప్పుడే ఇక్కడ రాశాను, చాలామంది చదివారు. అధికారులకు ఫిర్యాదు కూడా చేశాను. ఏమైందో ఇప్పటికీ నాకెవరూ చెప్పలేదు.

దాసన్నపేట_వాసి:
జరిమానాలు కాదు, తాళం వేయాలి.

సాక్ష్యం_ముఖ్యం:
బిల్లు ఉందా?

పొయ్యి_ముందు:
నేను 22 ఏళ్లుగా టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. తెల్లవారుజామున మూడున్నరకు పొయ్యి వెలిగిస్తాను. చంపావతి గారూ, మీరే రాశారు, లక్ష ‘వరకు’ అని. అది పైహద్దు. ఎంత వేయాలో తేల్చేది జాయింట్ కలెక్టర్. వ్యాపారి ఎంత లాభపడ్డాడు, ఎవరికి ఎంత నష్టం జరిగింది, అదే తప్పు మళ్లీ మళ్లీ చేస్తున్నాడా, తెలియక చేశాడా అన్నవన్నీ చూడాలని 49వ సెక్షన్ చెబుతోంది. పైహద్దును పది లక్షలకు పెంచితే పెద్ద హోటలు వకీలును పెట్టుకుని ట్రైబ్యునల్‌కు వెళుతుంది. నాలాంటివాడు ఇల్లు తాకట్టు పెడతాడు. కట్టకపోతే భూమిశిస్తు బకాయిలా వసూలు చేస్తారు, కట్టేదాకా లైసెన్సు ఆపుతారు.

లోపం కనిపిస్తే సరిదిద్దుకోమని నోటీసు ఇచ్చి, కనీసం 14 రోజులు గడువివ్వాలని 32వ సెక్షన్‌లో ఉంది. మా వంటగది గోడ పెచ్చులూడినప్పుడు నాకూ నోటీసు వచ్చింది. పదో రోజుకల్లా టైల్స్ వేయించాను. ఆ నోటీసే నన్ను మార్చింది, జరిమానా కాదు.

చంపావతి_తీరం:
గోడ పెచ్చులూ పాచిపోయిన మాంసమూ ఒకటేనా? మా పాపకు రెండు సీసాల సెలైన్ ఎక్కించారు. ఆ 14 రోజుల గడువు ఆమె కడుపుకు ఎవరిచ్చారు?

సాక్ష్యం_ముఖ్యం:
మీరు పట్టుకున్న సెక్షనే తప్పు. తిన్నవారికి హాని జరిగితే అది 56 కిందికి రాదు, 59 కిందికి వస్తుంది. సురక్షితం కాని ఆహారం వల్ల మామూలు గాయమో అనారోగ్యమో కలిగితే ఏడాది వరకు జైలు, మూడు లక్షల వరకు జరిమానా. తీవ్రమైన హాని అయితే ఆరేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. ప్రాణం పోతే తక్కువలో తక్కువ ఏడేళ్లు, పది లక్షలకు తగ్గని జరిమానా. ఇవి కాక 65వ సెక్షన్ కింద బాధితులకు పరిహారం కూడా ఉంది. చట్టంలో లేనిదేమీ లేదు. మీ దగ్గరే రుజువు లేదు. బిల్లు ఉందా అని అందుకే అడిగాను.

చంపావతి_తీరం:
ముప్ఫై రూపాయల పఫ్‌కు బిల్లు ఎవరిస్తారు?

సాక్ష్యం_ముఖ్యం:
అడిగితే ఇస్తారు. మిగిలిన ముక్క దాచారా? కొన్నవారు కూడా ఫీజు కట్టి ఆహారాన్ని పరీక్ష చేయించుకోవచ్చని 40వ సెక్షన్ చెబుతోంది. తప్పు తేలితే ఆ ఫీజు తిరిగి వస్తుంది. కాకపోతే పరీక్ష చేయిస్తానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. మీరు చెప్పారా?

చంపావతి_తీరం:
బిడ్డకు పఫ్ కొనిపెట్టే తండ్రి ఎవరైనా, దీన్ని పరీక్షకు పంపిస్తానని ముందే చెప్పి కొంటాడా? తెల్లవారుజామున మూడింటికి వాంతులు చేసుకుంటున్న పిల్లను వదిలి, నేను ఎంగిలి ముక్కను ఫ్రిజ్‌లో దాచాలా?

సాక్ష్యం_ముఖ్యం:
చట్టంలో ఉన్నది చెప్పాను. మీ బాధ కాదనడం లేదు. కానీ బిల్లు లేదు, ముక్క లేదు.

కంటోన్మెంట్_అమ్మ:
బజ్జీలు ఇంకా న్యూస్ పేపర్లోనే కట్టి ఇస్తున్నారు. అక్షరాలు బజ్జీకి అంటుకుని వస్తాయి. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

రాత్రి_పాళీ:
నేను వంటగదుల్లో పదేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంతవరకు చదివి ఊరుకోలేక రాస్తున్నాను. నూనెను మళ్లీ మళ్లీ మరిగిస్తే అందులో చెడు పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. మాకు కొలిచే పరికరం ఉండదు, కళ్లే కొలత. నూనె నల్లబడి, బాణలి అంచుల నిండా నురుగు కట్టి, జల్లి గరిటె ఎత్తితే తీగలా సాగిందంటే అది పనికిరాదని మాకు తెలుసు. పారబోస్తామంటే యజమాని ఒప్పుకోడు. పైన రెండు లీటర్లు కొత్త నూనె పోయమంటాడు. పోస్తాం. రంగు తేరుకుంటుంది. మళ్లీ పునుగులు దిగుతాయి.

నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒకసారి జరిమానా పడింది. యజమాని కట్టాడు. తర్వాత మా ఆరుగురి జీతంలో నెలకు వెయ్యి చొప్పున అయిదు నెలలు పట్టుకున్నాడు. మీ శుభ్రత బాగాలేకనే పడిందన్నాడు. నూనె మార్చమన్నది మేము, వద్దన్నది ఆయన. జరిమానా పది లక్షలు చేస్తే మా జీతాల్లోంచి ఎన్ని నెలలు పడుతుందో లెక్క వేసుకోండి.

పొయ్యి_ముందు:
రాత్రి పాళీ తమ్ముడూ, అలాంటి యజమానిని నేను సమర్థించను. జీతం కోయడం అన్యాయం. మా హోటల్లో మిగిలిన నూనెను సాయంత్రమే డబ్బాలో పోసి పక్కన పెట్టిస్తాను, మర్నాటి బాణలిలోకి వెళ్లదు.

చంపావతి_తీరం:
అందరూ మీలాంటివారే అయితే మా పాప ఆసుపత్రికి ఎందుకు వెళ్లింది? హోటళ్లవాళ్లంతా ఒకటే. ఒకరి తప్పు ఇంకొకరు కప్పుతారు.

పొయ్యి_ముందు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. ఇంతసేపూ మర్యాదగా రాశాను, ఇప్పుడు చెబుతాను. మీరు పోయిన వేసవిలో ఇక్కడ రాసినది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గంటస్తంభం వైపు, మెట్లెక్కి వెళ్లే బేకరీ. పేరు రాయలేదు. ఆ వైపు మెట్లున్న బేకరీలు మూడు. అందులో ఒకటి మా బావది. మీరు కొన్నది అక్కడ కాదు, మా బావ దుకాణంలో మాంసం వస్తువే ఉండదు. కానీ మెట్లున్నాయి కదా! వారం తిరగకుండా జనం మానేశారు. అధికారులు వచ్చి క్రీమ్ బన్ను నమూనా తీశారు. నాలుగు భాగాలు చేసి సీలు వేస్తుంటే మా బావ చేతులు వణికి, సంతకం రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది. నివేదికలో ఏ దోషమూ లేదు. ఆ సంగతి ఇక్కడ ఎవరు రాశారు? మీరు రాశారా? దసరాకు ముందే ఆయన షట్టర్ దించేశాడు. ఇప్పుడు ఇంకొకరి దగ్గర బిస్కెట్లు తూకం వేస్తున్నాడు.

దాసన్నపేట_వాసి:
ఆ బేకరీ ఎందుకు మూశారో ఈ రోజే తెలిసింది. నేనూ మానేసినవాడినే.

చంపావతి_తీరం:
ఇది నాకు తెలియదు. నిజంగా తెలియదు. కానీ నేను చెబుతున్నది కూడా అదే కదా! పేరు పెట్టి ఉంటే మీ బావగారికి ఆ దెబ్బ తగిలేది కాదు. అందుకే పేర్లు బయటపెట్టాలంటున్నాను.

పొయ్యి_ముందు:
నివేదిక వచ్చాక పెట్టండి. నేనే వచ్చి అంటిస్తాను. రాకముందు వద్దు.

చంపావతి_తీరం:
నమూనా అందిన 14 రోజుల్లో విశ్లేషకుడు నివేదిక ఇవ్వాలి. దాని మీద అప్పీలుకు ఇంకో 30 రోజులు. అప్పటిదాకా ఆ గాజు పెట్టెలో పఫ్‌లు అమ్ముడవుతూనే ఉండాలా?

సాక్ష్యం_ముఖ్యం:
ప్రమాదం ఉందని నమ్మితే నివేదిక రాకముందే అత్యవసరంగా మూయించడానికి 34వ సెక్షన్ ఉంది.

పొయ్యి_ముందు:
మూయించనివ్వండి. అధికారి సంతకం పెట్టి మూయిస్తే దానికి ఆయన జవాబుదారీ. ఇక్కడ పేరు రాసినవారికి, మెట్లు రాసినవారికి ఏ జవాబుదారీ ఉంది? లక్షా పది లక్షలా అని ఇంతసేపు వాదించుకున్నాం. నాకు ఆ అంకెతో గొడవ లేదు. తప్పు తేలకముందే పడే శిక్షతో నా గొడవ.

చంపావతి_తీరం:
నా గొడవా అంకెతో కాదు. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. ఆ రోజు రెండో కొరుకుకే మా పాప ‘నాన్నా, పుల్లగా ఉంది’ అంది. నిమ్మరసం పిండి ఉంటారులే, డబ్బులు పోసి కొన్నాం, తినెయ్ అన్నాను. మొత్తం తినిపించాను. ఇప్పుడు బయట ఏది కొనాలన్నా నా నాలుక మీద నాకు నమ్మకం లేదు. గుమ్మం మీద ఒక కాగితం కావాలి. లోపలికి ఎవరు వచ్చి చూశారు, ఎప్పుడు చూశారు, ఏమి తేలింది. బాగున్నా అంటించాలి, బాగాలేకపోయినా అంటించాలి. మీ బావగారి నివేదిక కూడా ఆ మెట్ల మీద అంటించి ఉండాల్సింది. దానికి నేను బాధపడుతున్నాను. కానీ అనుమానం వచ్చిన రోజే జనానికి తెలియాలన్న మాట మాత్రం వదలను.

పొయ్యి_ముందు:
అదే నేను ఒప్పుకోనిది. మీ పాప విషయం చదివాక కోపంగా రాయలేకపోతున్నాను, అయినా ఒప్పుకోను.

కంటోన్మెంట్_అమ్మ:
పాప ఇప్పుడు బాగుందా బాబూ?

చంపావతి_తీరం:
బాగుందమ్మా. పఫ్ అంటే మాత్రం మొహం తిప్పుకుంటుంది.

పొయ్యి_ముందు:
మీ దగ్గర కాగితం లేదు, నా దగ్గర తలుపు ఉంది. ఏ రోజైనా పాపను తీసుకుని మా హోటలుకు రండి. నేరుగా వంటగదిలోకే రండి, బాణలి దగ్గర నిలబడి చూడండి. ఎప్పుడు వస్తారో చెప్పండి.

చంపావతి_తీరం:
వస్తాను. ఎప్పుడో మాత్రం చెప్పను.