వారం రోజులు క్యాంపింగ్‌కి వెళ్తే పెరట్లో కూరగాయ మొక్కలకు నీళ్లెలా?

పెరటిపందిరి:
వేసవి సెలవుల్లో పిల్లలతో వారం రోజులు క్యాంపింగ్‌కి వెళ్తున్నాం. పెరటి మడిలో టమాటా, వంగ, బీర కలిపి 8 మొక్కలు, 12 అంగుళాల కుండీల్లో మిరప, బెండ 12 ఉన్నాయి. అన్నీ కాపు మీదున్నాయి. నీళ్లు పోసేవాళ్లు లేరు. 200 లీటర్ల డ్రమ్ము, బ్యాటరీ టైమర్, 16 ఎంఎం పైపు, చుక్కలుగా నీళ్లు వదిలే గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు ఉన్నాయి. కుండీకి ఒకటి, మడిలో మొక్కకు రెండు, మొత్తం 28 డ్రిప్పర్లు. పొద్దున, సాయంత్రం 15 నిమిషాలు పెడితే రోజుకు 28 లీటర్లు, వారానికి 196. లెక్క సరిపోయినట్టే ఉంది. ఎక్కడైనా తేడా కొడుతుందా? ఇంకేం చూసుకోవాలి?

బిందుసేద్యం:
కొడుతుందండీ. డ్రిప్పర్ మీద రాసే 2 లీటర్లు 1 బార్ పీడనం దగ్గరి లెక్క. డ్రమ్ములో నీటి మట్టం డ్రిప్పర్ కంటే ఒక మీటరు పైన ఉంటే వచ్చే పీడనం 0.1 బార్ మాత్రమే. మామూలు డ్రిప్పర్‌లో ప్రవాహం పీడనానికి వర్గమూలం చొప్పున తగ్గుతుంది కాబట్టి గంటకు దాదాపు 600 మి.లీ. వస్తుంది. అంటే మీ 15 నిమిషాల్లో కుండీకి పడేది 150 మి.లీ. పైమట్టి తడుస్తుంది, వేరు దాకా దిగదు. పీడనం మారినా ఒకే ప్రవాహం ఇచ్చే ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకమైతే అసలు పెట్టకండి, ఇంత తక్కువ పీడనంలో అవి సరిగా పనిచేయవు.

లెక్క నమ్మకుండా కొలవండి. డ్రమ్మును మీటరు ఎత్తు దిమ్మ మీద పెట్టి, సగం నింపి, మొదటి డ్రిప్పర్ కింద ఒక గ్లాసు, చివరి దాని కింద ఒక గ్లాసు పెట్టి 10 నిమిషాలు వదలండి. వచ్చినదాన్ని ఆరుతో హెచ్చిస్తే గంట లెక్క. చివరిది బాగా తక్కువైతే పైపు ఎక్కడో ఎత్తుపల్లంగా ఉండి గాలి ఇరుక్కుందన్నమాట. మధ్యలో గూనిలా లేచిన చోట నేలకు అదిమి, పైపుకు గుచ్చుకోకుండా కొక్కెం మేకు కొట్టండి.

టైమర్ సంగతి ఇంకా ముఖ్యం. సోలెనాయిడ్ వాల్వ్ (విద్యుత్ అయస్కాంతంతో తెరుచుకునే) రకాల్లో చాలావాటికి తెరుచుకోవడానికి కుళాయి పీడనం కావాలి, డ్రమ్ము నీళ్లకు అవి కదలవు. బాల్ వాల్వ్ (మోటారు తిప్పే బంతి) రకమైతే సున్నా పీడనంలోనూ తెరుచుకుంటుంది. డ్రమ్ము మూత మరీ గాలి చొరకుండా బిగించకండి, లోపల గాలి పల్చబడి ధార ఆగిపోతుంది. చిన్న రంధ్రం పెట్టి, దోమలు దూరకుండా దాని మీద సన్నని జాలీ కట్టండి. పైపు మొదట్లో ఉండే ఫిల్టర్ బయల్దేరే ముందు రోజు కడగాలి.

మడిగట్టు:
పైన చెప్పింది నీళ్లు ఎలా పంపాలో. నేనైతే మొక్క అడిగే నీళ్లే తగ్గించమంటాను. కాపు మీదున్న బెండకు ఎర్రటి ఎండలో కుండీలో రోజుకు లీటరు చాలదు. కుండీలన్నీ పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలే పడే చోటికి చేర్చి, ఒకదానికొకటి ఆనేలా పెట్టండి. కుండీ గోడలకు ఎండ తగలకపోవడమే సగం రక్షణ. పళ్లేల్లో నీళ్లు నిలవ ఉంచొద్దు, వారంలో దోమలు పుడతాయి.

మడికి బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఒకసారి, పొద్దున మరోసారి నిదానంగా నీళ్లు పెట్టండి. వేలు రెండు అంగుళాలు గుచ్చి చూడటం కాదు, ఒక పుల్ల అడుగు లోతుకు దింపితే చెమ్మ అంటుకుని రావాలి. ఆ తర్వాతే ఎండుగడ్డో ఎండాకులో మూడు అంగుళాల మందాన కప్పండి. పొడి నేల మీద కప్పితే ఆ పొడినే దాచినట్టు. కాండం చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ ఉంచాలి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. పచ్చి గడ్డి మందంగా వేస్తే అట్టకట్టి వేడెక్కుతుంది.

ఆ వారం ముందు యూరియా వద్దు. లేత చిగురు ఎక్కువ నీళ్లు లాగుతుంది. కొత్త నారు కూడా నాటొద్దు.

ముదురు కాయ చెట్టున ఉంటే కొత్త పూత, పిందె తగ్గుతుంది కాబట్టి వేలెడు బెండ, జానెడు బీర కూడా కోసేయండి. టమాటా అడుగున కాస్త రంగు తిరిగిందంటే కోయొచ్చు, గదిలో పండుతుంది.

పెరటిపందిరి:
నా టైమర్ సోలెనాయిడ్ రకమే. డ్రమ్ముకు తగిలిస్తే చప్పుడు వస్తోంది, నీళ్లు రావడం లేదు. మడిలో నీళ్లు నింపితే మెల్లగా ఊరే మట్టి కుండలు పాతి సరిపెట్టొచ్చా?

చెమ్మనేల:
ఇప్పుడు వద్దండీ. కాపు మీదున్న మొక్క పక్కన కుండ పట్టేంత గుంత తవ్వితే వేళ్లు తెగుతాయి. కుండ పద్ధతి నాట్లప్పుడే మొదలుపెట్టాలి. టైమర్‌ను బాల్ వాల్వ్ రకానికి మార్చి, దాన్ని మడికి మాత్రమే వాడండి. అప్పుడు 16 డ్రిప్పర్లే. మీ కొలతలో గంటకు 700 మి.లీ. వచ్చిందనుకుంటే, రెండు పూటలా గంట చొప్పున రోజుకు 22 లీటర్లు, వారానికి 157. మొక్కకు రోజుకు 2.8 లీటర్లు పడుతుంది, డ్రమ్ము అడుగున 40 లీటర్లు మిగులు. ఆ మిగులు ఉండాలి.

కుండీలకు వత్తులు, అంటే బకెట్ నుంచి నీళ్లు పీల్చి మట్టికి అందించే తాళ్లు చాలు. పెన్సిలు మందం నూలు తాడు తీసుకుని ముందు నీళ్లలో బాగా నానబెట్టండి. పొడి తాడు నీళ్లు పీల్చడం మొదలుపెట్టదు, కొత్త నైలాన్ తాడూ అంతే. ఒక కొస బకెట్ అడుగు తాకాలి, జారిపోకుండా రాయి కట్టండి. రెండో కొస కుండీ మట్టిలో నాలుగు అంగుళాలు దిగాలి. బయట కనిపించే తాడుకు సన్నని గొట్టం తొడగండి, లేకపోతే నీళ్లు దారిలోనే ఆరిపోతాయి. నీడలో పెట్టిన రెండు కుండీలకు మూత ఉన్న 20 లీటర్ల బకెట్ ఒకటి, కుండీకి రెండేసి వత్తులు. బకెట్‌లో నీటి మట్టం కుండీ మట్టి మట్టానికి దగ్గరగా ఉండాలి. మరీ ఎత్తున పెడితే ఆగకుండా కారి రెండు రోజుల్లో ఖాళీ అవుతుంది. బకెట్ మీద గీత పెట్టి ఒక రోజంతా చూడండి, రెండు కుండీలకు కలిపి రెండు లీటర్ల దాకా తగ్గితే సరైన పద్ధతిలో ఉన్నట్టు.

కోసిన కాయలు క్యాంపుకు తీసుకెళ్తే కడగకుండా తీసుకెళ్లండి. తడి ఉంటే బెండ జిగురెక్కి కుళ్లుతుంది. ఐస్ బాక్స్‌లో టమాటా పెట్టొద్దు, రుచి పోతుంది.

మడిగట్టు:
తిరిగొచ్చాక ఏ కుండీ అయినా ఎండి మట్టి అంచుల నుంచి విడిపోయి ఉంటే పైనుంచి పోయకండి, నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. కుండీని నీళ్ల టబ్బులో సగం దాకా దించి, పైమట్టి తడిసేదాకా ఉంచి తీయండి. మడిలో టమాటాకు ఒక్కసారిగా కుమ్మరించొద్దు, ఎండిన చెట్టు నీళ్లు గబుక్కున లాగితే పండు పగులుతుంది. మూడు రోజులు కొద్దికొద్దిగా పెంచండి. కాయ అడుగున నల్లమచ్చ వస్తే మందులు కొట్టొద్దు. తడి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ కావడంతో కాల్షియం కాయకు చేరక వచ్చేదది. మచ్చ కాయలు తీసేయండి, తడి నిలకడగా ఉంటే తర్వాత వేసే పిందెలు బాగానే వస్తాయి.