పాత జాజ్ రికార్డులుండగా కొత్తవి వినాలా? రీమాస్టర్లు వద్దా?

గాంధీరోడ్డు శ్రోత (తిరుపతి)

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను, ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి. అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతంలో చెప్పాల్సిందంతా 1965 నాటికే చెప్పేశారు. ఆ తర్వాత వచ్చినవి వినే సమయంలో పాతవే ఇంకోసారి వినడం మేలు. ఆ కాలపు పాప్ పాటలదీ అంతే. ఎల్లా ఫిట్జెరాల్డ్ పాడేశాక అదే పాట ఇప్పుడింకో అమ్మాయి పాడితే మనకు కొత్తగా దక్కేదేమిటి? టీవీ పోటీల్లో పిల్లలు ఘంటసాల పాట పాడితే చప్పట్లు కొడతాం. తర్వాత ఇంట్లో పెట్టుకునేది ఘంటసాలనే కదా!

ఇంకో మాట. పాతవి వినేటప్పుడు అప్పట్లో వచ్చిన రూపంలోనే వినాలి. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అంటే 1959లో వచ్చిన ఎల్పీ రికార్డే. రీమాస్టర్ పేరుతో, అంటే పాత టేపు శబ్దాన్ని మళ్లీ దిద్ది, ఎవరో చెయ్యి పెట్టినవి నాకు వద్దు.

చిత్తూరు మోనో

రెండో మాటకు నా ఓటు. మొదటిదాని మీద ఇంకా ఆలోచిస్తున్నా.

మాది నటుడు, గాయకుడు నాగయ్య గారి ఊరు, ఆయన పేరుతో కళాక్షేత్రమే ఉంది. ఆయన సినిమా ‘త్యాగయ్య’ 1946 నాటిది. ఆ రోజుల 78 రికార్డులో (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక వైపుకు దాదాపు మూడు నిమిషాలే పట్టేది. బరబర శబ్దం తీసేశామని ఇప్పుడు నెట్‌లో పెడుతున్న పాత పాటలు వినండి. ఆ శబ్దం ఎక్కువగా ఉండేది పై స్థాయిలో. గొంతులోని స, శ లాంటి అక్షరాల మెరుపు, ఊపిరి తీసుకునే చప్పుడు ఉండేదీ అక్కడే. బరబరను గట్టిగా తుడిస్తే ఇవీ పోతాయి. పాడే మనిషి దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తాడు.

1960ల్లో అమెరికా కంపెనీలు మోనో రికార్డులను, అంటే శబ్దమంతా ఒకే చోటు నుంచి వచ్చేవాటిని, రెండు వైపుల నుంచి వినిపించే స్టీరియో చేశామంటూ అమ్ముకున్నాయి. చేసిందేమిటంటే బేస్ ఒక వైపుకు, పై స్వరాలు ఇంకో వైపుకు తోసేయడం. మన దగ్గర ‘మాయాబజార్’ను 2010లో రంగుల్లోకి మార్చినప్పుడు మోనో శబ్దాన్ని థియేటర్ చుట్టూ స్పీకర్లలో వినిపించే డీటీఎస్ చేశారు. థియేటర్‌లో చాలామంది సంతోషపడ్డారు, కాదనను. నాకు మాత్రం 1957 మోనోనే కావాలి. ఆ వాయిద్యాలన్నిటినీ ఒకే చోట కుదిర్చిన పనితనం అందులోనే తెలుస్తుంది.

వయొలిన్ విద్యార్థిని, తిరుపతి

గాంధీరోడ్డు అన్నా, మీరు చెప్పిన ఉదాహరణే మీకు అడ్డం తిరుగుతోంది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ తొలి ఎల్పీలో మొదటి వైపు శ్రుతే తప్పు.

ఆ వైపున్న మూడు ట్యూన్లు 1959 మార్చి 2న రికార్డు చేశారు. ఆ రోజు టేపు మిషన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. అలాంటి టేపును సరైన వేగంలో నడిపితే సంగీతం వడిగా, శ్రుతి హెచ్చి వస్తుంది. ఎల్పీలు ఆ టేపు నుంచే తయారయ్యాయి. అదే సమయంలో ఇంకో మిషన్ మీద తీసిన టేపు కూడా ఉంది కాబట్టి 1992లో దాన్నుంచి సరిచేశారు. అంటే ముప్పై ఏళ్లకు పైగా అందరూ విన్నది మైల్స్ డేవిస్ వాయించిన శ్రుతి కాదు. రికార్డు పెట్టుకుని పక్కన వయొలిన్ వాయిస్తూ నేర్చుకునే నాలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ చెయ్యి పెట్టినవాళ్లే ఆయన్ని మనకు సరిగ్గా వినిపించారు.

ఇక కొత్తవాళ్ల సంగతి. ఆ ఆల్బమ్ అట్ట మీద పియానో వాయించిన బిల్ ఎవాన్స్ రాసింది చదవండి. రికార్డింగ్‌కు కొన్ని గంటల ముందే మైల్స్ ఆ ట్యూన్లు ఆలోచించి, రూపురేఖలు మాత్రం తెచ్చాడట. మిగతాదంతా అక్కడికక్కడ పుట్టింది. మన కచేరీలో రాగాలాపన, కల్పనస్వరాలు ఎలాగో అదీ అలాగే. బాలమురళి గారు తోడి పాడేశారు కాబట్టి ఇంకెవరూ పాడొద్దని మన ఊరి మహతి ఆడిటోరియంలో కూర్చుని అంటామా? రేపు పాడబోయే పిల్ల ఏం చేస్తుందో అని చెవులు రిక్కించి కూర్చుంటాం. నేను జాజ్ వినేదీ ఆ ఆశతోనే.

1958లో డేవ్ బ్రూబెక్ జాజ్ బృందం అమెరికా ప్రభుత్వం తరఫున దేశాలు తిరుగుతూ మద్రాసుకూ వచ్చింది. మరుసటి ఏడాదే వాళ్ల ‘టైమ్ అవుట్’ ఆల్బమ్. అందులో ఆ బృందంలోని పాల్ డెస్మండ్ కట్టిన ‘టేక్ ఫైవ్’ అయిదు దెబ్బల నడక. అయిదు దెబ్బల మన తాళం ఖండచాపు రెండు, మూడుగా విరిగితే అది మూడు, రెండుగా విరుగుతుంది. నాలుగు దెబ్బలకు అలవాటుపడ్డ జాజ్ శ్రోతలకు అప్పుడది పూర్తిగా కొత్త. పాతదే చాలని వాళ్లు అనుకుని ఉంటే మీరు దాచుకున్న 1959 ఎల్పీలు ఉండేవే కావు.

గాంధీరోడ్డు శ్రోత

శ్రుతి సంగతి ఒప్పుకుంటానమ్మా. తప్పు దిద్దడం వేరు, రుచి మార్చడం వేరు. నా కోపం రెండోదాని మీదే.

కొత్తవాళ్ల విషయంలో మాత్రం మాట మార్చను. కచేరీలో పాడే పిల్ల మనోధర్మంతో పాడుతుంది. ఇప్పుడు పేరు వస్తున్న గాయని లాఫే పాటలు తీసుకోండి. తీయగానే ఉంటాయి, 1950ల వాసన వస్తుంది. వాటిలో అప్పటికప్పుడు పుట్టేది ఎంత? 2024లో ఆమెకు గ్రామీ వచ్చింది కూడా సాంప్రదాయ పాప్ విభాగంలోనే.

బైరాగిపట్టెడ నుంచి

ఇక్కడ మీరు రెండింటిని కలిపేస్తున్నారు సార్. లాఫే పాడేది పాప్, దాన్ని పాప్‌గానే వినాలి. గాయకుడు సినత్రా 1955లో తెచ్చిన ‘ఇన్ ద వీ స్మాల్ అవర్స్’ కూడా అప్పటి పాపే, దాన్ని మీరు నెత్తిన పెట్టుకుంటారు. కొత్తవాళ్లలో అసలైన జాజ్ గొంతు కావాలంటే సమారా జాయ్‌ని వినండి. వాద్యమైతే కమాసీ వాషింగ్టన్ 2015లో తెచ్చిన ‘ది ఎపిక్’, దాదాపు మూడు గంటలు. ఒక్క రోజులో వినకండి, డిస్కుకొక రోజు పెట్టుకోండి.

ఒక ప్రశ్న. శాక్సోఫోన్ వాయించే కోల్ట్రేన్ 1963 మార్చి 6న రికార్డు చేసిన ఆల్బమ్ ఒకటి 2018లో బయటికొచ్చింది, ‘బోత్ డైరెక్షన్స్ ఎట్ వన్స్’. ఆయన మొదటి భార్య కుటుంబం దగ్గర టేపు ఉండిపోయింది. మీ 1965 గీత ప్రకారం అది పాతదే. కానీ అది వచ్చిన వారం అందరం దాన్ని కొత్త ఆల్బమ్‌గానే విన్నాం కదా?

చిత్తూరు మోనో

దానికి నా దగ్గర జవాబు లేదు, మంచి ప్రశ్న. కానీ ఆ టేపు రికార్డు చేసిన సౌండ్ ఇంజినీర్ రూడీ వాన్ గెల్డర్ గురించి ఒకటి చెప్పాలి. బ్లూ నోట్ అనే రికార్డు కంపెనీ కోసం తాను రికార్డు చేసినవాటినే ఆయన 1999 నుంచి మళ్లీ రీమాస్టర్ చేశాడు. తీసినవాడే దిద్దితే తప్పేంటని నన్ను చాలామంది అడిగారు. నా చెవికి అవి మరీ బిగ్గరగా ఉన్నాయి, పాతవే నయం. తీసినవాడైనా సరే, నలభై ఏళ్ల తర్వాతి చెవితో దిద్దుతాడు.

వయొలిన్ విద్యార్థిని, తిరుపతి

ఆ నలభై ఏళ్ల చెవినీ వినాలనిపిస్తుంది సార్ నాకు. మా గురువుగారు అదే కీర్తన ఈ ఏడు వేరేగా చెబుతున్నారు, రెండూ రాసుకుంటున్నా.