నాన్నకి వాల్వ్: టావీయా, ఓపెనా?

కొత్త సభ్యుడు: అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె, ఈమధ్యే డాలస్ వచ్చాను. నాన్నకి 62. గుండె నుంచి ఒంటికి రక్తం వదిలే అయోర్టిక్ వాల్వ్ దారి బాగా సన్నబడిందని విశాఖలో ఎకో చూసి చెప్పారు. ఛాతీ కోసి (ఓపెన్) వాల్వ్ మారుస్తారంటే ఇంట్లో ఒకటే టెన్షన్. ఇక్కడికి తెచ్చి టావీ (ఛాతీ కోయకుండా, ఎక్కువగా తొడ రక్తనాళం గుండా కొత్త వాల్వ్ పెట్టడం) చేయిస్తే? అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

న్యూజెర్సీ నుంచి: తమ్ముడూ, ఇక్కడికి తేవడం మాట మర్చిపో. ముందే ఉన్న జబ్బుకి అనుకుని చేయించే ఆపరేషన్‌కి విజిటర్ ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. హైదరాబాద్‌లో రెండూ చేస్తున్నారు. మనవాళ్లు ఎవరో ఒకరు ఇక్కడ "టావీయే లేటెస్టు" అంటారు, వినకు. నాన్నగారి వయసు బట్టి చూడు.

టావీ 2002లో ఫ్రాన్స్‌లో మొదలైంది. అప్పట్లో కోతకి తట్టుకోలేని ముసలివాళ్లకే చేసేవారు. తర్వాత ఓపెన్‌తో పోల్చి చూశారు. నోషన్ అనే పరిశోధనలో పదేళ్ల తర్వాత మరణం, స్ట్రోక్, గుండెపోటు అన్నీ కలిపితే రెండు వైపులా 65 శాతం చిల్లర, తేడా లేదు. వినడానికి బాగుంది కదా? కానీ అందులో చేరినవాళ్ల సగటు వయసు 79. వాళ్లకి ఒక్క వాల్వ్‌తో జీవితం గడిచిపోతుంది. 62 ఏళ్ల మనిషికి రెండోది కావాల్సి రావచ్చు, అసలు చిక్కు అక్కడే. పాత టావీ లోపల ఇంకోటి పెడితే గుండెకి రక్తం ఇచ్చే నాళాల దారి మూసుకుపోయే ప్రమాదం కొందరికి ఉంటుంది. దాన్ని కోసి తీయడం మొదటి ఆపరేషన్ కంటే కష్టం. అందుకే అమెరికా 2020 మార్గదర్శకాలు 65 లోపు వాళ్లకి ఓపెనే మంచిదన్నాయి. 65 నుంచి 80 మధ్య ఏదైనా సరే, మాట్లాడుకుని తేల్చుకోమన్నాయి.

ఓపెన్‌లో మెటల్ వాల్వ్ పెడితే చాలాకాలం ఉంటుంది, కాకపోతే జీవితాంతం రక్తం పలచబడే మాత్రలు, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ టెస్టులు. పల్లెలో ఉండి ఆ టెస్టులు తప్పకుండా చేయించుకోగలరా? అది నాన్నగారే చెప్పాలి. టావీ అయితే త్వరగా లేస్తారు, పేస్‌మేకర్ అవసరం మాత్రం ఎక్కువమందికి పడుతుంది.

అట్లాంటా నుంచి: బాబూ, మాది కవిటి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం మనిషికి గుండె ఒక్కటే చూస్తే సరిపోదు, ముందు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ టెస్టు చేయించండి. టావీకి ముందు తీసే సీటీ స్కాన్‌లో ఎక్కించే మందు కిడ్నీ మీద పడుతుంది. అలాగని ఓపెన్ క్షేమం అనుకోవద్దు, ఆపరేషన్ తర్వాత కిడ్నీ దెబ్బతినడం అందులోనే ఎక్కువ. కిడ్నీ ముదిరిన వాళ్లలో టిష్యూ వాల్వ్ (జంతువుల కణజాలంతో చేసేది) త్వరగా గట్టిపడుతుంది కూడా. పలాస కిడ్నీ ఆస్పత్రిలో చూపించి, ఆ కాగితాలు గుండె డాక్టర్ ముందు పెట్టండి. వైద్యసేవ కార్డు ఉంటే ఏది ఎంతవరకు వస్తుందో ఆరోగ్యమిత్రని అడగమనండి.

న్యూజెర్సీ నుంచి: అట్లాంటా అక్క చెప్పిన కిడ్నీ టెస్టు ముందు చేయించు. ఎకో రిపోర్టులో వాల్వ్‌కి రేకులు రెండా మూడా అన్నది కూడా చూడు. రెండే అయితే ఆ సంగతి సర్జన్‌తో విడిగా మాట్లాడాలి. నడిస్తే ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఈ చర్చ తేలేదాకా ఆగకండి.