1000 క్యూబిక్ మీటర్ల పైల్ క్యాప్‌కి సిమెంట్ సప్లై: నా ప్లాన్ సరిపోతుందా?

అడిగినవారు: స్టోర్స్ ఇన్‌ఛార్జ్

అందరికీ నమస్కారం. మా బ్రిడ్జి పనిలో ఒక పెద్ద పైల్ క్యాప్ (పునాది పైల్స్ తలల మీద వేసే కాంక్రీటు దిమ్మె) మధ్యలో ఆపకుండా ఒకే దఫాలో వేయాలి. సుమారు 1000 క్యూబిక్ మీటర్లు. క్యూబిక్ మీటరుకి 400 కిలోల సిమెంట్, అంటే మొత్తం 400 టన్నులు. బ్యాచింగ్ ప్లాంట్ (కాంక్రీటు కలిపే ప్లాంట్) గంటకి 60 క్యూబిక్ మీటర్లు ఇస్తుంది. 100 టన్నుల సైలోలు (సిమెంట్ నిల్వ ట్యాంకులు) రెండున్నాయి. రెండూ నింపి మొదలుపెట్టి, సగం అయ్యాక బల్కర్లు (పొడి సిమెంట్ తెచ్చే ట్యాంకర్ లారీలు) దింపించుకోవాలని అనుకుంటున్నాను. ఏదైనా ఆలస్యమైతే ఇంకో కంపెనీ సిమెంట్ ఇస్తానని ఒక డీలర్ మాటిచ్చాడు. గోదాములో బస్తాలు కూడా ఉన్నాయి. ఇందులో ఎక్కడ దెబ్బతినే అవకాశం ఉంది?

జవాబు 1: ప్లాంట్ ఆపరేటర్

మీరు టన్నులు లెక్కపెట్టారు, గంటలు లెక్కపెట్టలేదండీ. చిక్కంతా అక్కడే.

మీ ప్లాంట్ గంటకి 24 టన్నులు తింటుంది. ఒక బల్కర్‌లో 28 టన్నులు వస్తాయనుకుందాం. కాటా వేయించి, సీలు చూసి, శాంపిల్ తీసి, పైపు బిగించి, కంప్రెసర్ గాలితో పైకి ఎక్కించేసరికి గంటన్నర పడుతుంది. ఒకదాని తర్వాత ఒకటి దింపితే గంటకి 19 టన్నుల లోపే. అంటే ప్లాంట్ వాడినంత వేగంగా మీరు నింపలేరు. 100 టన్నులు మిగిలాక మొదలుపెడితే కాస్టింగ్ చివరికి 30 టన్నుల చిల్లర మిగులుతుంది. ఈలోగా ఒక్క బల్కర్ పంక్చరై ఆగిందా, అది కూడా ఉండదు. సైలో అడుగున ఉన్న ఆఖరి టన్నులు స్క్రూ కన్వేయర్‌కి (సిమెంట్‌ని తూకానికి తోసే మరకి) సరిగ్గా అందవు కూడా.

అందుకని సైలోలో ఒక బల్కర్ పట్టేంత చోటు కాగానే దింపడం మొదలుపెట్టండి. మొదటి రెండు బల్కర్లు కాస్టింగ్ మొదలవకముందే గేటు దగ్గర ఉండాలి. వీలైతే ఒక సైలో నుంచి వాడుతూ రెండోది నింపండి. అప్పుడే ఎక్కించిన సిమెంట్‌లో గాలి ఉండి నీళ్ళలా జారుతుంది. సైలో గేటు మూసినా తూకం హాపర్‌లోకి ఇంకా పడుతూనే ఉంటుంది, బ్యాచ్ తూకం తప్పుతుంది.

సైలో పైనున్న ఫిల్టర్ సంగతి ఎవరూ పట్టించుకోరు. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి వదిలే మూత) ఎగదన్నుతుంది, సైట్ అంతా బూడిద రంగు పొగ కమ్ముతుంది. డ్రైవర్ భయపడి గాలి తగ్గిస్తాడు. గంటన్నర పని మూడు గంటలవుతుంది, మీ లెక్కంతా తలకిందులవుతుంది.

జవాబు 2: క్వాలిటీ ఇంజనీర్

రెండో కంపెనీ సిమెంట్ ఆలోచన దయచేసి మానుకోండి. గ్రేడ్ ఒకటే అయినా అల్యూమినేట్ శాతం, నలగ్గొట్టిన మెత్తదనం వేరు. మీ అడ్మిక్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం) దానితో కుదరకపోతే స్లంప్ (కాంక్రీటు జారుడుతనం) అరగంటలో పడిపోతుంది, పంపు లైను జామ్ అవుతుంది. లైను విప్పి కడిగేలోగా కింద పొర గట్టిపడి, పై పొర దానితో కలవక కోల్డ్ జాయింట్ వస్తుంది. రెండో సోర్సు కావాలంటే ముందే అదే కంకర, అదే ఇసుక, అదే అడ్మిక్చర్‌తో ట్రయల్ మిక్స్ చేసి ఆమోదం తీసుకోండి. అప్పుడైనా దానికి వేరే సైలో ఉండాలి.

వేడి గురించి మీరు అడగలేదు గానీ నాకు అసలు దిగులు అదే. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చే సిమెంట్ 70 డిగ్రీలు కూడా ఉండొచ్చు. కాంక్రీటు ఒక డిగ్రీ చల్లబడాలంటే సిమెంట్ దాదాపు 8 డిగ్రీలు చల్లబడాలి. అదే కంకర అయితే 2 డిగ్రీలు చాలు. అందుకే కంకరకి నీడ, నీళ్ళలో ఐసు. కానీ సిమెంట్ గట్టిపడుతూ తానూ వేడి పుట్టిస్తుంది. ఇంత పెద్ద దిమ్మెలో 400 కిలోలూ ఉత్త ఓపీసీ (ఏమీ కలపని మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంట్) అయితే ఇవి కూడా చాలవు. లోపల 70 డిగ్రీలు దాటితే తర్వాతెప్పుడో లోపలి నుంచి ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. 1930ల్లో హూవర్ డ్యామ్ కట్టినప్పుడు వేడి తక్కువ పుట్టించే సిమెంట్ వాడి, కాంక్రీటులో పైపులు వేసి చల్లటి నీళ్ళు తిప్పారు. మీ డిజైన్‌లో సిమెంట్‌కి బదులు స్లాగ్ (ఇనుము కొలిమి చిట్టెం పొడి) గానీ ఫ్లై యాష్ (థర్మల్ ప్లాంట్ బూడిద) గానీ ఎంత ఉందో ముందు కనుక్కోండి.

ప్రతి బల్కర్ శాంపిల్ గాలి చొరని డబ్బాలో, చలానా నంబరుతో దాచండి. 28 రోజుల ఫలితం వచ్చేసరికి కాంక్రీటు గట్టిపడి ఉంటుంది. ఏదైనా తేడా వస్తే ఆ డబ్బాయే సాక్ష్యం.

జవాబు 3: బల్కర్లు నడిపిస్తాను

బస్తాలు మర్చిపోండి సార్. గంటకి 24 టన్నులంటే 480 బస్తాలు, నిమిషానికి 8 కోయాలి. ఏ ముఠా వల్లా కాదు.

మా డ్రైవర్లకి వరస ముందే చెప్పండి. అన్నీ ఒకేసారి వస్తే రోడ్డు మీద ఆగిపోతారు, మీకు అవసరమైనప్పుడు నిద్రలో ఉంటారు. వాళ్ళకి కాస్త నీడ, మంచినీళ్ళు ఏర్పాటు చేయండి. దింపాక ఖాళీ బండి కూడా కాటా వేయించండి, ట్యాంకు మూలల్లో సిమెంట్ మిగిలిపోతుంది.

అడిగినవారు: స్టోర్స్ ఇన్‌ఛార్జ్

చాలా థాంక్స్ అండీ. మిక్స్‌లో సగం స్లాగ్ అట, డిజైన్ వాళ్ళని ఇప్పుడే అడిగాను. ప్లాంట్‌లోనే కలుపుతారట. రెండు సైలోల్లో ఒకటి దానికే. అంటే సిమెంట్‌కి ఒక్క సైలోయేనా?

జవాబు 4: ప్లాంట్ ఆపరేటర్

అవును, లెక్క మళ్ళీ వేయాల్సిందే. సిమెంట్, స్లాగ్ ఒక్కోటి గంటకి 12 టన్నులు, వేర్వేరు పైపులు కాబట్టి రెండు బల్కర్లు పక్కపక్కనే దింపొచ్చు. అలా చూస్తే మీకు మంచిదే. కాకపోతే వాడే సైలోలోకే నింపాలి కాబట్టి అడుగంటనివ్వకండి, సగం పైనే ఉంచండి. రెండు బల్కర్లూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. స్లాగ్ పైపు మూతికి వేరే రంగు వేసి, రెండింటికీ తాళాలు బిగించి, తాళంచెవి చలానా చదివే మనిషి దగ్గరే ఉంచండి. కాస్టింగ్‌కి ముందు రోజు, బల్కర్ ఏదీ దిగనప్పుడు, సేఫ్టీ బెల్టు వేసుకున్న మనిషిని పైకి పంపి రిలీఫ్ వాల్వ్‌లు లేస్తున్నాయో గడ్డకట్టాయో చూడమనండి.