కొబ్బరి తోటలో 24 గంటల మిల్‌సిమ్ ఆట నడపాలంటే ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (రాజోలు జట్టు):

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు ప్రాంతం. పద్నాలుగు మందిమి రెండేళ్ళుగా ఆదివారాలు ఎయిర్‌సాఫ్ట్ (ప్లాస్టిక్ గుండ్లు పేల్చే నమూనా తుపాకులతో ఆడే ఆట) ఆడుతున్నాము. మా ఆటలన్నీ చిన్నవి. ఒక్కొక్కటి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. హిట్ అయినవారు జెండా దాకా నడిచి వెళ్ళి వెంటనే మళ్ళీ ఆటలోకి వచ్చేస్తారు. మ్యాగజైనులో మూడు వందల బీబీలు, అంటే ఆ ప్లాస్టిక్ గుండ్లు, పడతాయి కాబట్టి గురి చూసి కొట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు. స్వీడన్‌లో బెర్గెట్ పేరుతోనూ, అమెరికాలో మిల్‌సిమ్ వెస్ట్ పేరుతోనూ జరిగిన పెద్ద ఆటల గురించి చదివిన తరువాత, గస్తీ, కాపలా, మ్యాపు, రేడియో, ఆజ్ఞలు అన్నీ ఉండే మిల్‌సిమ్ (సైనిక చర్యను అనుకరించే) ఆట ఒకటి మన కోనసీమలో కూడా నడపాలన్న కోరిక బలంగా కలిగింది.

సంక్రాంతి వెళ్ళిన తరువాత, శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నానికి ముగించాలని అనుకుంటున్నాము. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవారితో కలిపి ముప్ఫై మంది అవుతారు. స్థలాలు రెండు ఉన్నాయి. ఒకటి మా మేనమామ గారి కొబ్బరి తోట. పద్దెనిమిది ఎకరాలు ఉంటుంది, ఒక వైపు పంట కాలువ, మరో వైపు రొయ్యల చెరువులు. రెండవది గోదావరి వశిష్ఠ పాయలోని ఒక లంక. నా మనసు లంక మీదే ఉంది. నియమాలు ఎలా పెట్టుకోవాలో, రాత్రి ఆటను ప్రమాదం లేకుండా ఎలా నడపాలో, ఊరివారికి, పోలీసులకు ఏమని చెప్పాలో అనుభవం ఉన్నవారు వివరించగలరు.

జవాబు (కాకినాడ నుంచి ఒక నిర్వాహకుడు):

ముందుగా లంక సంగతి. దానిని వదిలేయండి. గోదావరికి వరద రోజులు జూలై నుంచి సెప్టెంబరు వరకు కాబట్టి జనవరిలో నీటి భయం తక్కువేనన్నది నిజం. అయితే వరద తీసిన తరువాత లంకల్లో కూరగాయలు, అరటి వేస్తారు, జనవరికి ఆ పంట చేతికి వచ్చే స్థితిలో ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, రాత్రి ఒకరికి కాలు విరిగినా, పాము కరిచినా, పడవ నడిపే మనిషిని నిద్రలేపి రేవు దాటించి ఆసుపత్రికి చేర్చాలి. బండి నేరుగా లోపలికి వచ్చే తోట ఉండగా అంత దూరం తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు.

ముప్ఫై మందిలో ఆరుగురిని పర్యవేక్షకులుగా పక్కన పెట్టండి. మిగిలిన ఇరవై నలుగురు పన్నెండేసి మంది చొప్పున రెండు పక్షాలవుతారు. ఆడేవారు ఎక్కువ కావాలన్న ఆశతో పర్యవేక్షకులను తగ్గిస్తే, తెల్లవారుజామున రెండు గంటలకు తోట అవతలి మూలన ఏం జరుగుతోందో చెప్పేవారు ఒక్కరూ ఉండరు.

మిల్‌సిమ్‌కు రుచి కొరత వల్ల వస్తుంది. మీ మూడు వందల బీబీల మ్యాగజైన్లను ఇంట్లో వదిలేసి, ముప్ఫై చొప్పున నింపే మ్యాగజైన్లు మనిషికి ఏడు ఇవ్వండి. అమెరికా పదాతి సైనికుడు మామూలుగా మోసే 210 తూటాల లెక్క అదే. తుపాకులన్నీ ఒక్కో గుండు పద్ధతిలోనే పేలాలి. అయిపోయిన బీబీలను ఆరు గంటలకు ఒకసారి, అదీ శిబిరం నుంచి సరఫరా బృందం నడిచి తెచ్చినప్పుడే మళ్ళీ నింపుకోవాలి. ఆ బృందాన్ని దారిలో అవతలి పక్షం కాచి పట్టుకుంటే ఆ పూటకు బీబీలు లేనట్టే. ఈ ఒక్క నియమంతో మనుషుల నడకే మారిపోతుంది. మొదటి గంటలో పరిగెత్తినవారు మూడవ గంటకు చెట్టు వెనుక కూర్చుని వినడం నేర్చుకుంటారు. మంచినీళ్ళను మాత్రం ఎన్నడూ ఆటకు ముడిపెట్టకండి. మూడు లీటర్లు ప్రతి ఒక్కరి వీపు మీద ఉండాలి, అయిపోతే ఆట ఆపి అయినా ఇవ్వాలి.

హిట్ అయినవారు ఉన్నచోటే కూర్చుని ఎర్ర తువాలు తల మీద వేసుకోవాలి. రాత్రి అయితే చిన్న ఎర్ర దీపం వెలిగించాలి. పది నిమిషాల్లో తన పక్షం వైద్యుడు వచ్చి కట్టు కడితే అక్కడి నుంచే కొనసాగవచ్చు. ఎవరూ రాకపోతే శిబిరానికి నడిచి వెళ్ళి గంటసేపు ఆగాలి. కట్టు ఉన్న మనిషి రెండవసారి హిట్ అయితే వైద్యుడు అక్కరలేదు, నేరుగా శిబిరానికే. ఆ గంట నిరీక్షణ కఠినంగా అనిపిస్తుంది కాని, ప్రాణం పోతే నష్టం ఉందన్న భావన దాని వల్లనే కలుగుతుంది.

శక్తి కొలత విషయంలో పట్టు విడవకండి. 0.20 గ్రాముల బీబీ సెకనుకు 100 మీటర్ల వేగంతో, అంటే 328 అడుగుల వేగంతో వెళితే దాని శక్తి ఒక జౌల్. అదే ఒక జౌల్‌కు 0.28 గ్రాముల బీబీ వేగం సుమారు 84 మీటర్లకు తగ్గుతుంది. కాబట్టి అడుగుల లెక్క ఒక్కటే చెబితే చాలదు. కొన్ని తుపాకులు, ముఖ్యంగా గ్యాసుతో పేలేవి, బరువైన బీబీ వేసినప్పుడు ఎక్కువ శక్తిని ఇస్తాయి. అందుకే ఎవరు ఏ బీబీతో ఆడబోతున్నారో దానితోనే వేగం చూపే క్రోనోగ్రాఫ్ మీద కొలవాలి. మన తోటల్లో మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిన తరువాత తేలికపాటి బీబీ ముప్ఫై మీటర్లకే పక్కకు తోసుకుపోతుంది కాబట్టి 0.28 లేదా 0.30 మంచిది. గరిష్ఠంగా ఒక జౌల్ పెట్టుకోండి, మొదటిసారికి అంతకు మించి అవసరం లేదు.

ఆజ్ఞలు ఇవ్వడం అభ్యాసం చేయండి. పరిస్థితి, కర్తవ్యం, అమలు, సరఫరా, నాయకత్వం-సంకేతాలు అన్న అయిదు భాగాలలో చెప్పే పద్ధతిని చాలా దేశాల సైన్యాలు పాటిస్తాయి. మా మొదటి ఆటలో దళ నాయకుడు "కల్వర్టు దగ్గర కూర్చోండి" అని మాత్రమే చెప్పి పంపాడు. ఆ కాలువ మీద కల్వర్టులు రెండున్నాయి. అయిదుగురు మనుషులు తప్పుడు కల్వర్టు కింద, మోకాళ్ళ లోతు బురదలో, రెండు గంటలపాటు మాట్లాడకుండా కూర్చున్నారు. వారి ఓర్పు చూసి ఇప్పటికీ గర్వపడతాను కాని, ఆ ఓర్పును వృథా చేసింది మేమే.

చీకటి గురించి చెప్పకుండా ముగించలేను. జనవరిలో ఆరు దాటగానే తోటలో చీకటి పడుతుంది, తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది, అప్పుడు రక్షణ కళ్ళద్దాలకు లోపలి నుంచి ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. సరిగ్గా ఆ క్షణంలోనే మనిషి చెయ్యి అద్దం ఎత్తడానికి వెళుతుంది. నేను ఒకసారి ఎత్తాను. నాకు ఏమీ కాలేదు, కాని నా పక్కన తాటి మట్ట మీద బీబీ తగిలిన చప్పుడు ఈనాటికీ చెవిలో ఉంది. ఆవిరి పట్టినవారు పడుకుని, ముఖం నేలకు ఆనించి, పర్యవేక్షకుడిని పిలవాలి. అతను ఆట ఆపి, తోట అంచు దాకా తీసుకువెళ్ళిన తరువాతే అద్దం తుడవాలి. దెబ్బకు తట్టుకుంటాయన్న ప్రమాణం ముద్ర, అంటే జడ్87+ లేదా ఎఫ్, బి అక్షరాల్లో ఒకటి ఉన్న ఈఎన్ 166, లేని అద్దాలతో ఎవరినీ లోపలికి రానివ్వకండి.

ఇక కాలువ. గుర్రపుడెక్క పరుచుకున్న కాలువ రాత్రి వేళ పచ్చిక బయలులాగే ఉంటుంది. మా వాళ్ళలో ఒకతను గట్టు అనుకుని అడుగు వేసి గొంతు వరకు దిగబడ్డాడు. వెనుక ఉన్న మనిషి అతని సంచి పట్టీ అందుకోబట్టి సరిపోయింది. అప్పటి నుంచి సూర్యాస్తమయం తరువాత కాలువను వంతెన మీద తప్ప దాటరాదన్నది మా మొదటి నియమం. కాలువ అంచు పొడవునా పది అడుగుల ఇవతల తెల్లటి తాడు కట్టి ఉంచుతాము.

జవాబు (అమలాపురం నుంచి, న్యాయవాద వృత్తిలో ఉన్న ఆటగాడు):

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చట్టం, ఊరు అన్న రెండు విషయాలు మాత్రం చేరుస్తాను.

2016 నాటి ఆయుధ నిబంధనలలో లైసెన్సు మినహాయింపు 4.5 మి.మీ. బోరు (గొట్టం లోపలి వ్యాసం), 20 జౌళ్ళ శక్తి దాటని ఎయిర్‌గన్‌లకు ఉంది. మన తుపాకుల శక్తి ఒక జౌల్ దగ్గరే ఆగినా, బోరు 6 మి.మీ. కాబట్టి ఆ మినహాయింపు దానంతట అదే మనకు వర్తిస్తుందని అనుకోవద్దు. మీ వద్ద ఉన్నవి ఎలాంటివో రాతపూర్వకంగా చెప్పి, స్టేషనులో ముందుగానే అడగండి. వారు వద్దంటే ఆ తుపాకులతో ఆట వద్దు. నీటితో ఉబ్బిన మెత్తటి గుండ్లు పేల్చే జెల్ బ్లాస్టర్లతో ఆడినా గస్తీ, ఆజ్ఞలు, సరఫరా నియమాలలో ఒక్కటీ మారదు, దూరాలు తగ్గుతాయి అంతే.

దుస్తుల విషయంలో అజాగ్రత్త పనికిరాదు. సైనికుడని ఇతరులు నమ్మాలన్న ఉద్దేశంతో సైనిక దుస్తులు ధరించడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం, పాత శిక్షాస్మృతిలో అది 140వ సెక్షన్. 2022 జనవరి 15న మన సైన్యం ప్రవేశపెట్టిన కొత్త యుద్ధ దుస్తుల నమూనాను ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి, ఆ నమూనా హక్కులను సైన్యం నమోదు చేయించుకుంది. ఒక పక్షానికి ఆకుపచ్చ చొక్కాలు, మరో పక్షానికి ఖాకీ కాని మట్టి రంగు చొక్కాలు చాలు. తుపాకి తోట గేటు దాటి బయట ఎన్నడూ కనిపించకూడదు, సంచిలోనే రావాలి, సంచిలోనే పోవాలి.

వాకీటాకీల విషయానికి వస్తే, లైసెన్సు లేకుండా వాడుకోదగినవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసేవి. బజారులో దొరికే ప్రతి సెట్టూ ఆ పరిధికి కట్టుబడి ఉండదు. మన తీరంలో వేటకు వెళ్ళే పడవలు వీహెచ్ఎఫ్ రేడియో మీద ఆధారపడతాయి కాబట్టి, మన ఆట మాటలు వారి చెవిన పడటం తప్పే కాదు, ప్రమాదం కూడా.

ఊరిలో సర్పంచికి, తోట చుట్టూ ఉన్న ప్రతి ఇంటికి మీరే స్వయంగా వెళ్ళి చెప్పండి. ముందురోజు చాటింపు వేయించండి. కథలో పోలీసులు, తీవ్రవాదులు అన్న పేర్లు పెట్టకండి. రాత్రి పూట ఆ మాటలు గట్టిగా వినిపిస్తే పక్క ఇంటి ముసలమ్మకు గుండె ఆగిపోతుంది, ఆమె తప్పు ఏమీ ఉండదు. ఎగువ పక్షం, దిగువ పక్షం అంటే చాలు.

జవాబు (భీమవరం వైపు నుంచి, చెరువుల రైతు):

నేను ఆటగాడిని కాను, మా అబ్బాయి ఆడతాడు. చెరువు గట్ల మీదికి ఎవరినీ రానివ్వకండి. వనామీ రొయ్యల సాగులో తెల్లమచ్చ వైరస్ భయంతో మేము పక్షుల వల, పీతల కంచె కట్టుకుని, కాళ్ళు మందు నీళ్ళలో ముంచి లోపలికి వెళతాము. పరాయి చెరువు బురద అంటిన బూట్లతో ఒకరు దిగితే ఆ రైతు అప్పు తీరదు. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు వైర్లు గట్టు మీద నేలబారుగా పోతుంటాయి, చీకటిలో కనిపించవు. చెరువుల వైపు నుంచి యాభై గజాలు ఆటకు బయట అని గీత గీసేయండి.

మళ్ళీ రాజోలు జట్టు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. లంక ఆలోచన మానుకున్నాము. చెరువుల వైపు రైతు గారు చెప్పినట్టే గీత గీస్తాము. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. కొబ్బరికాయలు రాలే చోట రాత్రంతా మనుషులను కూర్చోబెట్టడం ఎలా? జెండా పట్టుకోవడం కాకుండా, ఇరవై నాలుగు గంటలు అర్థవంతంగా నడిచే లక్ష్యం ఏది పెట్టాలి?

జవాబు (కాకినాడ నిర్వాహకుడు):

మొదటిదానికి మీ మేనమామ గారి దగ్గరే జవాబు ఉంది. దింపు, అంటే కాయలు కోసి దించడం, ఎప్పుడో అడిగి, దింపు అయిన వారంలోనే ఆట పెట్టుకోండి. ముదురు కాయలు, ఎండు కమ్మలు దిగిపోయి ఉంటాయి కాబట్టి ముప్పు చాలావరకు తగ్గుతుంది. అయినా కాపలా స్థానాలను చెట్టు మొదట్లో కాకుండా వరుసల మధ్య ఉన్న ఖాళీలో పెట్టండి, హెల్మెట్ తప్పనిసరి చేయండి. కొబ్బరి డొక్కల (కాయ ఒలిచిన పీచు తొక్కల) కుప్పల వెనుక దాక్కోవడం నిషేధించండి. రక్తపింజరకు, కట్లపాముకు అవి ఇష్టమైన చోట్లు. దగ్గరలో విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని, బండి తాళం పర్యవేక్షకుడి మెడలో వేలాడదీయండి.

రెండవది నాకు ఇష్టమైన ప్రశ్న. డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మీ తోటలోని బోదె (చిన్న కాలువ) దాకా అంతా నీటి పంపకమే కదా. దానినే లక్ష్యం చేయండి. తోటలో నీరు మళ్ళే మూడు చోట్ల మూడు పలకలు పాతి, ఒక్కొక్క దానికి ఎరుపు, తెలుపు అని తిప్పే చిన్న చెక్క, ఒక గడియారం తగిలించండి. అసలైన తూము తలుపును మాత్రం ఎవరూ ముట్టుకోరాదు. ఎగువ పక్షం చెక్కను ఎరుపు వైపు, దిగువ పక్షం తెలుపు వైపు తిప్పి ఉంచాలి, పర్యవేక్షకుడు గంటగంటకూ వచ్చి ఏ రంగు ఉందో రాసుకుంటాడు. ఇరవై నాలుగు గంటలలో ఎవరి రంగు ఎక్కువ గంటలు నిలిస్తే వారిది గెలుపు. మూడింటినీ ఒకేసారి కాపాడటానికి పన్నెండు మంది చాలరు. ఎవరిని ఎక్కడ నిద్రపుచ్చాలి, ఏ చెక్కను వదులుకోవాలి అన్న నిర్ణయం రెండు పక్షాల నాయకులూ గంటగంటకూ తీసుకోవలసి వస్తుంది. శత్రువు ఎంతమంది, ఏ వేళకు, ఏ దారిన వెళ్ళారో రాసి తెచ్చిన గస్తీ నివేదికకు కూడా ఒక గంట విలువ ఇవ్వండి. అప్పుడు ఒక్క బీబీ కాల్చకుండా రాత్రంతా బోదెలో పడుకున్న మనిషికి కూడా తన పక్షాన్ని గెలిపించే అవకాశం ఉంటుంది.

మట్టిలో కలిసే రకం బీబీలే కొనండి, అయినా అవి నెలల తరబడి అలాగే ఉంటాయి. ఆదివారం ఒంటిగంటకు ఆట ఆపితే, భోజనాలకు ముందే ముప్ఫై మందీ వరుసగా నిలబడి తోట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి తువాళ్ళు, ఖాళీ సీసాలు, కాలువ పొడవునా కట్టిన తాడు ఏరుకురండి. పశువులు మేతకు వచ్చేది సాయంత్రం కాబట్టి సమయం సరిపోతుంది.